తేదీ కొత్తది, సరుకు పాతది

డిసెంబరు మూడో వారం. అరకు సీజన్ జోరుగా ఉన్న రోజులు. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆఫీసు పెట్టుకుని అరకు, బొర్రా గుహలు, లంబసింగి టూర్లు నడిపే ఒకాయన వెబ్‌సైటు మా టీమే చూస్తుంది. పొద్దున్న పదిన్నరకి ఆయన ఫోన్ చేశారు.

"ఏటి బాబూ, మూడ్రోజులయింది, ఒక్క బుకింగూ లేదు. సైటు పన్జేస్తందా లేదా?"

తెరిచి చూశాను. సైటు బ్రహ్మాండంగా ఉంది. ఫొటోలు, రేట్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కిందికి వెళ్లి చూస్తే బుకింగ్ నంబరు పాతది. రెండు వారాల ముందు ఆ నంబరు మార్చింది నేనే. అప్పుడు సాయంత్రం ఎంవీపీ కాలనీలో ఇంట్లో ఉండగా ఆయన ఫోన్ చేసి "నంబరు మారింది బాబూ, కొంచెం అర్జెంటు" అంటే, నేరుగా సర్వర్లోకి లాగిన్ అయి, పేజీ అడుగున కనిపించే ఫుటర్ ఫైలు తెరిచి, పది అంకెలు మార్చి సేవ్ చేశాను. రెండు నిమిషాల పని. ఆ సంగతి టీమ్‌లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయం అనిపించలేదు.

మూడ్రోజుల క్రితం మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి పండగ ఆఫర్ లైను ఒకటి అదే ఫుటర్‌లో చేర్చి అప్‌లోడ్ చేసింది. తన ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైల్లో పాత నంబరే ఉంది. నేను మార్చిన నంబరు ఆ ల్యాప్‌టాప్‌కి చేరే దారే లేదు కదా. అలా పాత నంబరు మళ్లీ లైవ్‌లోకి వచ్చేసింది. సీజన్‌లో మూడు రోజులు ఆయన ఫోన్ మోగలేదు.

ద్వారకానగర్‌లో మా ఆఫీసు అంటే రెండో అంతస్తులో ఒక గది, నాలుగు టేబుళ్లు. ఆ రోజు అందరి చూపూ ఆ అమ్మాయి మీదే. "నేను చూసే పెట్టానన్నా" అంది, గొంతు వణుకుతూ. ఏం చూశావో చూపించమన్నాను. కసిరి అడగలేదు, నాకు నిజంగా తెలుసుకోవాలనిపించింది. సర్వర్‌కి ఫైళ్లు పంపే ఫైల్‌జిల్లా తెరిచింది. ఎడమవైపు మన ల్యాప్‌టాప్, కుడివైపు సర్వరు. అదే పేరుతో అక్కడ ఇంకో ఫైలు ఉంటే ఒక చిన్న పెట్టె వస్తుంది. రెండు ఫైళ్ల సైజులు, రెండింటి తేదీలు చూపించి, ఏం చెయ్యమంటావని అడుగుతుంది. తను "పంపేది కొత్తదైతేనే మార్చు" అన్న ఆప్షన్ ఎంచుకుందట. అంటే జాగ్రత్తగానే చేసింది. పైపైన ఓకే నొక్కేసి పోలేదు.

తన ఫైలు తేదీ నిజంగానే కొత్తది. ఆ పొద్దున్నే సేవ్ చేసింది. నా మార్పు రెండు వారాల నాటిది. తేదీ ప్రకారం తనదే కొత్తది, లోపలి సరుకు మాత్రం పాతది.

ఆ పెట్టె వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఫైలు తేదీ చూస్తే ఆఖరిసారి ఎప్పుడు సేవ్ అయిందో తెలుస్తుంది, అంతే. ఏ మార్పు మీద ఏ మార్పు వచ్చిందో, మధ్యలో ఇంకెవరైనా చెయ్యి పెట్టారో ఆ తేదీలో ఉండదు. ఆ పెట్టె అడిగిన ప్రశ్నకి, అది చూపించిన వివరాలతో సరైన జవాబు చెప్పడం ఎవరి వల్లా కాదు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లయినా అదే బటన్ నొక్కుతారు.

అందుకే ఈ మాట గట్టిగా అంటున్నాను. ఒక టీమ్ నడిపే వెబ్‌సైటుకి ఏ మార్పైనా ఉమ్మడి రిపో (కోడునీ దాని మార్పుల చరిత్రనీ దాచే చోటు) నుంచే లైవ్‌కి వెళ్లాలి, ఇంకో దారి ఉండకూడదు. టీమ్‌లో నలుగురే ఉన్నా, మార్చేది పది అంకెలే అయినా, మార్చేవాళ్లు అందరికంటే సీనియర్ అయినా ఇదే రూలు.

నేరుగా సర్వర్లోనే మార్చే అలవాటు మాకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది బద్ధకం వల్ల వచ్చింది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను మొదటి ఉద్యోగంలో ఉన్నాను. మా ఆఫీసు కిటికీ అద్దాలు పగిలి, వాన నీళ్లు లోపలికి కొట్టి, మాస్టర్ కాపీ అని మేం పిలుచుకునే ఫోల్డరున్న డెస్క్‌టాప్ తడిసి పనికిరాకుండా పోయింది. ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఎక్కడ చూసినా పడిపోయిన చెట్లే. కానీ మేం చేసిన సైట్లన్నీ లైవ్‌లోనే ఉన్నాయి, ఎందుకంటే సర్వరు వేరే ఊళ్లో ఉంది. కరెంటు వచ్చాక సర్వర్ నుంచే మొత్తం కిందికి దించుకుని మళ్లీ పని మొదలుపెట్టాం. ఆ రోజు నుంచి మా నోట ఒకటే మాట: "లైవ్‌లో ఉన్నదే అసలు కాపీ." ఆ పరిస్థితిలో అది మమ్మల్ని కాపాడింది. అందుకే ఆ నమ్మకం అంత గట్టిగా పాతుకుపోయింది. లైవ్‌లో ఉన్నదే అసలైతే, మార్చాల్సింది కూడా అక్కడే అన్నట్టయింది. తర్వాత నేను సొంతంగా టీమ్ పెట్టుకున్నా ఆ అలవాటు నాతోనే వచ్చింది.

ఆ తుపాను నుంచి నేను నేర్చుకోవాల్సింది వేరే. డెస్క్‌టాప్ తడిసినా, సర్వరు పోయినా, సైటు మొత్తం, దాని చరిత్రతో సహా టీమ్‌లో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. కోడు మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్‌లో ఇది మొదటి నుంచీ ఉంది. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టిన సందర్భం కూడా ఇలాంటిదే. ఆయన మొదలుపెట్టిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ మీద పనిచేసేవాళ్లు అప్పటిదాకా ఉచితంగా వాడుకుంటున్న బిట్‌కీపర్ అనే ఇలాంటి టూల్‌కి ఆ ఉచిత అనుమతి పోయింది. ఒకరి చేతిలో ఉన్నదాని మీద అందరి పనీ ఆధారపడితే ఏమవుతుందో వాళ్లకి అలా ఎదురైంది. గిట్‌లో ఒక్కసారి క్లోన్ చేస్తే, అంటే రిపోని కాపీ చేసుకుంటే, మొదటి కమిట్ (రికార్డు చేసిన మార్పు) నుంచి మొత్తం మన దగ్గరికి వచ్చేస్తుంది.

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం గిట్‌లో చాలామంది విసుక్కునే విషయం. మన కమిట్లని ఉమ్మడి రిపోకి పంపడాన్ని పుష్ అంటారు. మనం పుష్ కొట్టేలోపు ఇంకొకరు అదే బ్రాంచ్‌లోకి (మార్పుల వరుసలోకి) పుష్ చేసి ఉంటే గిట్ మన పుష్‌ని తిప్పికొడుతుంది. రిజెక్టెడ్ అని చూపించి, ముందు అక్కడున్నది తెచ్చుకోమంటుంది. అర్ధరాత్రి పని ముగించి పడుకుందామనుకునే వాడికి ఆ మాట చూస్తే ఒళ్లు మండుతుంది, ఆ విసుగు నాకూ తెలుసు. కానీ ఆ అమ్మాయికి ఆ రోజు కావాల్సింది సరిగ్గా అదే. "నీ దగ్గర లేని మార్పు ఒకటి ఇక్కడుంది, అది చూడకుండా పంపనివ్వను" అని ఎవరో ఒకరు ఆపాలి. గిట్ తేదీలు చూడదు. ప్రతి కమిట్‌లోనూ దాని ముందు కమిట్ ఏదో రాసి ఉంటుంది కాబట్టి, మన గొలుసు అక్కడి గొలుసు మీద నిలబడిందా లేదా అనేది చూస్తుంది. అయితే సర్వర్లో నేరుగా చేసిన నా మార్పు ఆ గొలుసులోనే లేదు. ఎంత మంచి టూలైనా దానికి చెప్పని విషయాన్ని కాపాడలేదు. అందుకే రూలు మొదట సీనియర్లకి పెట్టాలంటాను.

మన ఊళ్లో దీనికి మంచి ఉదాహరణ రోజూ కళ్లముందే ఉంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన సన్నటి కాలువలోంచి ఇన్నర్ హార్బర్‌లోకి వచ్చే సరుకు ఓడ కెప్టెన్ ప్రపంచమంతా తిరిగినవాడే అయ్యుంటాడు. అయినా పోర్టు పైలట్ ఎక్కాకే ఓడ లోపలికి వస్తుంది. కెప్టెన్ అనుభవాన్ని అనుమానించి పెట్టిన రూలు కాదది. దారి ఇరుకు, ఒకటి అడ్డం తిరిగితే వెనకాల అన్నీ ఆగిపోతాయి. ఆ కెప్టెన్‌కి ఇందులో అవమానం ఏమీ కనిపించదు. మన సీనియర్లకి మాత్రం "నేను కూడా పుష్ చేసి ఆగాలా" అని ఎందుకు అనిపిస్తుందో నాకు అర్థం కాదు.

సరే, మేం ఏం చేశామో చెప్తాను.

మొదట చేసింది సగం పని. సర్వర్లో సైటు ఫోల్డర్లోనే రిపో క్లోన్ చేసి, మార్పు ఉన్నప్పుడల్లా అక్కడికి లాగిన్ అయి గిట్ పుల్ కొట్టి కొత్త మార్పులు దించుకోవడం. చాలా చిన్న టీములు ఇక్కడే ఆగిపోతాయి. దీంట్లో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, డాట్ గిట్ అనే దాచిన ఫోల్డర్ జనం చూసే చోటే ఉంటుంది. వెబ్ సర్వర్లో దాన్ని అడ్డుకోకపోతే బయటివాళ్లు మీ కోడూ చరిత్రా మొత్తం దించేసుకోగలరు. రెండు, అక్కడ ఫైళ్లు కనిపిస్తున్నంతకాలం ఎవరో ఒకరు అక్కడే మారుస్తారు. తర్వాత పుల్ కొడితే రెండు మార్పులూ ఢీకొని కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది, అదీ లైవ్ సైటు మీద. ఆ టెన్షన్ నేను రెండుసార్లు పడ్డాను, చాలు.

తర్వాత సర్వర్లో బేర్ రిపో పెట్టాం. బేర్ అంటే దాంట్లో తెరిచి మార్చుకునే ఫైళ్లు ఉండవు, చరిత్ర మాత్రమే ఉంటుంది. మామూలు రిపోలో తెరిచి ఉన్న బ్రాంచ్‌లోకి ఎవరైనా పుష్ చేస్తే, చరిత్ర ముందుకెళ్లినా అక్కడి ఫైళ్లు పాతవిగానే ఉండిపోతాయి. అక్కడ కూర్చున్నవాడు తెలియక మళ్లీ కమిట్ చేస్తే వచ్చిన మార్పు చెరిగిపోతుంది. అందుకే 2010లో వచ్చిన 1.7.0 నుంచి గిట్ అలాంటి పుష్‌ని మామూలుగా ఒప్పుకోదు. 2015లో 2.3తో, అక్కడి ఫైళ్లని కూడా మార్చే అప్‌డేట్‌ఇన్‌స్టెడ్ అనే సెట్టింగ్ ఇచ్చారు. ఒంటరిగా పనిచేసేవాళ్లకి అది బాగానే ఉంటుంది. టీమ్‌కి బేర్ రిపోనే పెట్టమంటాను.

ఉమ్మడి రిపో అనగానే ఉమ్మడి అయిపోదని మొదటి వారంలోనే తెలిసింది. మేం నలుగురం, సర్వర్లో నాలుగు అకౌంట్లు. నేను పుష్ చేస్తే వెళ్తోంది. ఇంకొకరు చేస్తే ఒకసారి వెళ్తోంది, ఒకసారి అనుమతి లేదని ఆగిపోతోంది. మళ్లీ ఏదో మార్చి కొడితే వెళ్తోంది. దెయ్యం పట్టినట్టుంది వ్యవహారం. కూర్చుని తవ్వితే విషయం తేలింది. గిట్ తన ప్రతి వస్తువుకీ 40 అక్షరాల గుర్తు ఇచ్చి, అందులో మొదటి రెండు అక్షరాలతో ఒక ఫోల్డర్ తెరిచి దాంట్లో పెడుతుంది. అలాంటి ఫోల్డర్లు 256 దాకా ఉండొచ్చు. నా పుష్‌తో పుట్టిన ఫోల్డర్‌కి నేనే యజమాని, దాంట్లో ఇంకొకరు రాయలేరు. వాళ్ల వస్తువు కొత్త ఫోల్డర్లో పడితే వెళ్తుంది, నా ఫోల్డర్లో పడితే ఆగిపోతుంది. రిపో మొదట పెట్టేటప్పుడే షేర్డ్ అన్న ఆప్షన్ ఇచ్చి, అందరినీ ఒకే గ్రూపులో చేర్చి ఉంటే ఈ గొడవే లేదు. పైన ఫోల్డర్‌కి అనుమతి ఇస్తే సరిపోతుందనుకుని మేం ఆ ఒక్క మాట వదిలేశాం. చివరికి ఇంకా తేలిక దారి పట్టాం. డిప్లాయ్ (కోడుని లైవ్‌లో పెట్టడం) కోసం ఒకటే అకౌంటు, దానికి ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో ఎస్‌ఎస్‌హెచ్ కీ, అంటే పాస్‌వర్డ్ బదులు వాడే డిజిటల్ తాళంచెవి.

ఇక డిప్లాయ్ అంతా పోస్ట్-రిసీవ్ హుక్ అనే చిన్న స్క్రిప్ట్ చేస్తుంది. పుష్ వచ్చాక గిట్ దాన్ని తనే నడుపుతుంది. వచ్చింది మెయిన్ బ్రాంచేనా అని చూస్తుంది, కాకపోతే ఊరుకుంటుంది. మెయిన్ అయితే కొత్త ఫోల్డర్ తెరిచి ఫైళ్లన్నీ దాంట్లో పెడుతుంది, పీహెచ్‌పీ కోడు ఫైళ్లలో సింటాక్స్ తప్పులేమైనా ఉన్నాయేమో చూస్తుంది, ఏమీ లేకపోతే "కరెంట్" అన్న లింకుని పాత ఫోల్డర్ నుంచి కొత్త ఫోల్డర్‌కి తిప్పుతుంది. వెబ్ సర్వర్ ఎప్పుడూ ఆ లింకునే చూస్తుంది కాబట్టి సగం పాతా సగం కొత్తా కలిసిన సైటు ఎవరికీ కనిపించదు. ఆఖరి 5 ఫోల్డర్లు అలాగే ఉంచుతాం. ఏదైనా తేడా కొడితే లింకు వెనక్కి తిప్పడమే. ఇదంతా జరుగుతున్నప్పుడు పుష్ చేసినవాళ్ల స్క్రీన్ మీద "రిమోట్" అని మొదలయ్యే వరుసలు ఒక్కొక్కటే వస్తాయి. ఆఖరి వరుస చూసేదాకా ఆ అమ్మాయి కుర్చీలో ముందుకి వంగి కూర్చునేది. "లైవ్ అయింది" అని వచ్చాక వెనక్కి వాలేది.

డేటాబేస్ పాస్‌వర్డున్న ఫైలు, టూరిస్టుల ఫొటోల ఫోల్డరు రిపోలో పెట్టం. అవి సర్వర్లో పక్కనుంటాయి, హుక్ వాటికి లింకు ఇస్తుంది. ఒకసారి పొరపాటున పాస్‌వర్డ్ కమిట్ అయిపోయింది. తర్వాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో అది ఉండిపోతుంది కాబట్టి పాస్‌వర్డే మార్చేశాం.

ఇదంతా చెప్తే నాకు ఎక్కువగా వినిపించే జవాబు: "అర్జెంటు పని పడితే? రెండక్షరాలు మార్చడానికి ఇంత తతంగమా?" నా అనుభవంలో కమిట్, పుష్, హుక్ అన్నీ కలిపినా నిమిషం పట్టదు. అయినా నేను టైము లెక్క మీద వాదించను. అర్జెంటులో చేసిన మార్పునే అన్నిటికంటే ముందు మరిచిపోతాం, అసలు భయం అక్కడుంది. తాపీగా చేసిన పని గుర్తుంటుంది. రాత్రి పదకొండుకి భోజనం మధ్యలో లేచి చేసిన మార్పు తెల్లారేసరికి బుర్రలో ఉండదు. రికార్డు ఎక్కువగా కావాల్సింది దానికే.

ఇంకో జవాబు: "పెద్ద కంపెనీలకైతే సరే, మన స్థాయికి ఎందుకు?" పెద్ద కంపెనీలో ఏం జరిగిందో చూడండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ సంస్థ ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లకి పైగా పోగొట్టుకుంది. 8 సర్వర్లలో కొత్త కోడు పెట్టాల్సి ఉంటే మనిషి చేత్తో పెట్టినప్పుడు ఏడింటికే చేరింది. ఎనిమిదో దాంట్లో ఏళ్ల కిందట వాడకం ఆపేసిన పాత కోడు అలాగే ఉంది, దాని పాత గుర్తునే కొత్త పనికి వాడటంతో అది నిద్రలేచింది. ఇంకొకరు సరిచూసే పద్ధతి లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది తర్వాత జరిగింది. ఆ కంగారులో వాళ్లు సరిగ్గా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడు తీసేశారు, దాంతో నష్టం ఇంకా పెరిగింది. ఏ మిషన్‌లో ఏ కోడుందో అప్పటికప్పుడు తేల్చలేనప్పుడు తెలివైనవాళ్లకి కూడా చెయ్యి తప్పు వైపే వెళ్తుంది. వాళ్లకి డబ్బుంది, మనుషులున్నారు. మాకున్నది నాలుగు టేబుళ్లు. ఒక్క టూరు ఆపరేటర్ సీజన్ పోతే మా పేరు పోతుంది.

డిప్లాయ్ పని తామే చేసిపెట్టే గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి సేవలు ఉండగా సొంత హుక్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అందరూ ఒకే రిపోలోకి పుష్ చేసి, లైవ్‌కి అక్కడి నుంచే వెళ్తే చాలు.

నా ఆసక్తి అంతకంటే ఎక్కువగా మనుషుల మీద ఉంది. విశాఖలో చిన్న టీమ్ నడిపేవాళ్లందరికీ తెలిసిందే, మన దగ్గర పని నేర్చుకున్న పిల్లలు రెండేళ్లకి హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్తారు. వెళ్లాలి కూడా, జీతాల తేడా అలా ఉంది. ఎఫ్‌టీపీ రోజుల్లో, అంటే ఫైళ్లని నేరుగా సర్వర్‌కి పంపే రోజుల్లో, ఒకరు వెళ్తే ఇద్దరికి నష్టం జరిగేది. సర్వర్లో ఏ మూల ఏం మార్చారో వాళ్ల బుర్రలోనే ఉండి వాళ్లతో పాటు వెళ్లిపోయేది. వాళ్లు అక్కడ కొత్త ఉద్యోగంలో ఉండగా రాత్రిపూట మనం ఫోన్ చేసి "ఆ కాన్ఫిగ్ ఎక్కడ పెట్టావమ్మా" అని అడగాల్సి వచ్చేది. పాస్‌వర్డ్ కూడా అందరికీ ఒకటే, ముగ్గురు మానేసినా అదే నడిచేది. ఇప్పుడు ఎవరైనా వెళ్తే కీల ఫైల్లో వాళ్ల వరుస తీసేస్తాం. వాళ్లు చేసినదంతా, ఎందుకు చేశారో రాసిన కమిట్ మాటలతో సహా, మా దగ్గర ఉంటుంది. ఆ అమ్మాయి కూడా పోయిన ఏడాది హైదరాబాద్ వెళ్లింది. తన వరుస నేనే తీశాను. ఆ తర్వాత పని కోసం తనకి ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యాల్సి రాలేదు. పండక్కి గాజువాక వచ్చినప్పుడు తనే ఆఫీసుకి వచ్చి, సైటు తెరిచి, కిందికి వెళ్లి నంబరు చూసుకుంది.

ఇది అన్నిటికీ మందని మాత్రం అనను. లింకు వెనక్కి తిప్పితే కోడు వెనక్కి వస్తుంది కానీ డేటాబేస్ రాదు. టేబుల్లో ఒక కాలమ్ తీసేశాక ఎన్నిసార్లు రోల్‌బ్యాక్ కొట్టినా దాంట్లోని బుకింగులు తిరిగి రావు. అందుకని కాలమ్ తీసే పని ఎప్పుడూ వేరే కమిట్‌గా, ముందు దాన్ని వాడే కోడు తీసేసి కొన్నాళ్లు ఆగాక చేస్తున్నాం. దీనికి ఇంకా మంచి పద్ధతి దొరికితే మార్చుకుంటాం.

ప్రతి ఏడాదీ అక్టోబరు వచ్చేలోపు ఒక రోజు పని ఆపి ఒకటి చేస్తాం. ఖాళీ సర్వర్ ఒకటి తీసుకుని, టీమ్‌లో అందరికంటే కొత్తగా చేరినవాళ్లని కూర్చోబెట్టి, వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఉన్న రిపో నుంచి మొత్తం సైటు మళ్లీ నిలబెట్టమంటాం. మిగతావాళ్లం చూస్తాం, చెయ్యి వెయ్యం. పోయినసారి గంటలోపే సైటు లేచింది, కానీ బొర్రా గుహల పేజీలో ఫొటోల చోట ఖాళీ పెట్టెలు కనిపించాయి. ఫొటోల ఫోల్డర్ రిపోలో లేదు, దాని కాపీ ఎక్కడా తీయలేదు. ఆ వారమే రాత్రిపూట కాపీ తీసే ఏర్పాటు పెట్టాం. ఈసారి కూర్చోబోయేది శ్రీకాకుళం నుంచి రెండు నెలల క్రితం వచ్చిన కుర్రాడు. ఫొటోలతో సహా సైటు లేస్తుందో లేదో ఆ రోజు చూడాలి.